అరకు కొండల్లో తెలుగు యాసలు: పరభాషా అభ్యాసకుల అవగాహన

నిర్వచనం, పరిధి

తెలుగు తల్లిభాష కాని వ్యక్తి పాఠ్యపుస్తకం ద్వారానో, ఒకరిద్దరు ఉపాధ్యాయుల మాట ద్వారానో తెలుగు నేర్చుకున్నాక, వేరు వేరు ప్రాంతాలవారు పలికే తెలుగును విని గ్రహించగలగడం ఈ వ్యాసంలో యాసల అవగాహన. అరకు లోయలోనూ, దాని చుట్టూ ఉన్న తూర్పు కనుమల గిరిజన గ్రామాల్లోనూ బడి, ఆసుపత్రి, సంత, కార్యాలయం అన్నిచోట్లా ఈ అవసరం ఉంది. ఇక్కడి పిల్లలలో చాలామందికి ఇంటి భాష కువి, కొండ, గదబ, కుపియా, ఆదివాసీ ఒరియా వంటి వాటిలో ఒకటి. వారికి తెలుగు రెండో భాషో మూడో భాషో అవుతుంది.

అభ్యాసకులు రెండు వైపులా ఉన్నారు. కొండ మీది పిల్లవాడు మైదానపు తెలుగుకు చెవి పట్టాలి. గుంటూరు నుంచో అనంతపురం నుంచో వచ్చిన ఉపాధ్యాయుడు, వైద్యుడు, బ్యాంకు ఉద్యోగి కొండ తెలుగుకు చెవి పట్టాలి. మొదటి సగం మీద పుస్తకాలు, శిక్షణలు ఎన్నో ఉన్నాయి. రెండో సగాన్ని దాదాపు ఎవరూ బోధనాంశంగా తీసుకోలేదు. ఈ విషయాన్ని పరిశీలించేవారు ముందుగా గుర్తించవలసిన లోటు ఇదే.

ఉచ్చారణలో మాత్రమే ఉండే తేడాలను శాస్త్ర పరిభాషలో యాస అని, పదజాలంలోనూ వ్యాకరణంలోనూ కనిపించే తేడాలను కలుపుకొని మాండలికం అని వేరు చేస్తారు. ప్రజల వాడుకలో యాస అనే మాటే రెండింటికీ సరిపోతుంది. వినేవారి ఇబ్బందిలో ఈ రెండూ విడిపోవు కనుక ఇక్కడ కూడా రెండింటినీ కలిపి పరిశీలించడం జరిగింది.

భాషల నెలవు

అరకు లోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. పూర్వపు విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలో భాగమైన ఈ ప్రాంతం 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. అనంతగిరి, అరకులోయ, డుంబ్రిగుడ, హుకుంపేట, ముంచింగిపుట్టు, పెదబయలు, పాడేరు, జి.మాడుగుల, చింతపల్లి, జి.కె.వీధి, కొయ్యూరు పాత విశాఖ ఏజెన్సీలోని పదకొండు మండలాలు.

ఈ కొండల్లో మూడు భాషా కుటుంబాలు కలిసి ఉన్నాయి. ద్రావిడ కుటుంబానికి చెందిన వాటిలో ఖోందులు (సామంతులు) మాట్లాడే కువి, కొండదొరలలో కొందరు మాట్లాడే కొండ లేదా కూబి, గదబలలో ఒక శాఖ మాట్లాడే ముఢిలి గదబ ముఖ్యమైనవి. గదబలలో మరో శాఖ మాట్లాడే గుతోబు ముండా కుటుంబ భాష. వాల్మీకుల కుపియా, కోటియాల ఆదివాసీ ఒరియా ఇండో ఆర్య కుటుంబానికి చెందుతాయి. బగతలకు తెలుగే తల్లిభాష. కొండదొరలలో ఎక్కువమంది కూడా తెలుగుకు మారారు. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద కొండ భాషను తల్లిభాషగా చెప్పినవారు సుమారు 60 వేలు, గదబ అని చెప్పినవారు సుమారు 40 వేలు. గదబ అనే ఒకే పేరు రెండు వేరు కుటుంబాల భాషలకు వర్తిస్తుంది కనుక ఆ సంఖ్యను జాగ్రత్తగా తీసుకోవాలి.

తెగల మధ్య వ్యవహారానికి ఉమ్మడి భాష ఒకటే కాదు. అరకు, డుంబ్రిగుడ, ముంచింగిపుట్టు వైపు సంతల్లో ఆదివాసీ ఒరియా ఎక్కువగా వినబడుతుంది. దీనినే దేశియా అని కూడా అంటారు. పాడేరు, చింతపల్లి వైపు వెళ్ళేకొద్దీ తెలుగు పాలు పెరుగుతుంది. ఊళ్ళ పేర్లలోనూ ఈ కలగలుపు ఉంది. డుంబ్రిగుడ, శిమిలిగుడ, ముంచింగిపుట్టు వంటి పేర్లకు సరిహద్దు అవతల ఒడిశాలోని సెమిలిగుడ, లామ్తాపుట్, కోరాపుట్ జతలు.

చారిత్రక నేపథ్యం

1839 నాటి గంజాం, విశాఖపట్నం చట్టం ఈ కొండలను సాధారణ న్యాయస్థానాల పరిధి నుంచి తప్పించి, కలెక్టరును గవర్నరు ఏజెంటుగా నియమించింది. ఏజెన్సీ అనే పేరు అక్కడ నుంచి వచ్చిందే. జయపురం సంస్థానం ప్రభావంలో కొండల అటువైపు, ఇటువైపు రాకపోకలు స్వేచ్ఛగా సాగాయి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి జయపురం అందులో చేరాక ఒకే భాష మాట్లాడే గ్రామాలు రెండు రాష్ట్రాల మధ్య చీలిపోయాయి. అప్పటి నుంచి అటువైపు పిల్లలకు బడి భాష ఒరియా, ఇటువైపు పిల్లలకు తెలుగు. 1960ల రెండో సగంలో కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం మైదానపు మాటను కొండ మీదికి వేగంగా తెచ్చింది.

కొండ భాషలను నేర్చుకొని వాటి ద్వారానే చదువు చెప్పాలన్న ఆలోచనకు తెలుగువారిలో ఆద్యుడు గిడుగు వెంకట రామమూర్తి (1863–1940). పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాష నేర్చుకొని, సవర పిల్లలకు సొంత ఖర్చుతో బడులు పెట్టి, వారి భాషలోనే వాచకాలు రాశారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడ్డాయి. గ్రాంథికానికి వ్యతిరేకంగా వ్యావహారిక భాష కోసం పోరాడిన వ్యక్తే సవర పిల్లల కోసం సవర భాష నేర్చుకున్నాడు. నేర్చుకునేవాడికి తెలిసిన మాట నుంచి తెలియని మాటకు తీసుకువెళ్ళడం ఆ రెండు పనుల్లోనూ ఉన్న ఒకే సూత్రం (చూ. గిడుగు వెంకట రామమూర్తి, వ్యావహారిక భాషోద్యమం).

స్వాతంత్ర్యానంతరం శాస్త్రీయ పరిశీలన ముందుకు సాగింది. భద్రిరాజు కృష్ణమూర్తి కొండ భాష మీద రాసిన వర్ణనాత్మక వ్యాకరణం 1969లో, ఎం. ఇజ్రాయెల్ కువి వ్యాకరణం 1979లో, పేరి భాస్కరరావు కోనెకోర్ గదబ వ్యాకరణం 1980లో వచ్చాయి. తెలుగు వైపు చూస్తే, కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం (వ్యవసాయం) 1962లో, రెండో సంపుటం (చేనేత) 1971లో వెలువడ్డాయి. ఒకే పనిముట్టుకు ఊరు ఊరికీ మారే పేర్లను పటాలతో సహా చూపిన పని అది.

తెలుగు మాండలిక మండలాలు

ఆ పదకోశం ఆధారంగా తెలుగును నాలుగు మండలాలుగా విభజిస్తారు. విశాఖ, శ్రీకాకుళం ప్రాంతం పూర్వ మండలం. గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాలు మధ్య మండలం. నెల్లూరు, రాయలసీమ దక్షిణ మండలం. తెలంగాణ ఉత్తర మండలం. పాఠ్యపుస్తకాల్లో, వార్తల్లో వాడే ఆధునిక ప్రమాణ భాష ప్రధానంగా మధ్య మండలంలోని చదువుకున్నవారి మాట మీద నిలబడింది. ప్రమాణ భాష కూడా ఒక ప్రాంతపు మాటే. ఈ సంగతి అభ్యాసకుడికి మొదటే చెబితే, చుట్టుపక్కలవారి మాట తప్పు, పుస్తకంలోది ఒప్పు అన్న భ్రమ కలగదు.

అరకు కొండలకు దగ్గరి మైదానం పూర్వ మండలం. అందువల్ల కొండ మీది పిల్లవాడు బడికి రాకముందు వినే తెలుగు కళింగాంధ్ర తెలుగు. బడిలో దొరికేది మధ్య మండలపు తెలుగు. తెలుగులోనే ఈ రెంటికీ మధ్య ఉన్న దూరాన్ని పరభాషా అభ్యాసకుడు ఒంటరిగా దాటవలసి వస్తోంది.

కళింగాంధ్ర యాస లక్షణాలు

ధ్వనులు. మొదట గమనించవలసినవి ధ్వనుల కలయికలు. పలుకుబడిలో ళ, ణ అక్షరాలకు బదులుగా ల, న వినబడతాయి. నీళ్ళు నీల్లు అవుతుంది, పెళ్ళి పెల్లి అవుతుంది, ఒళ్ళు ఒల్లు అవుతుంది. కళ్ళు, కల్లు ఒకేలా వినబడతాయి. జీలుగు కల్లు నిత్య వ్యవహారంలో ఉన్న మన్యంలో ఈ జంట సందర్భాన్ని బట్టే తెలుస్తుంది. చ, శ, ష చాలాచోట్ల స అవుతాయి: చేశాడు సేసినాడు, చూశాడు సూసినాడు, చెప్పు సెప్పు. ఇ, ఎ అచ్చుల ముందు పదాది వకారం జారిపోతుంది: వెళ్ళు ఎల్లు, విను ఇను. విజయనగరం ఇజీనారం, విశాఖపట్నం ఇసాపట్నం కావడంలో ఈ సూత్రాలు కొన్ని ఒకేసారి కనిపిస్తాయి. స్త అనే సంయుక్తం త్త అవుతుంది: వస్తాను వొత్తాను, చేస్తాను సేత్తాను, ఇస్తాను ఇత్తాను. లేదు అన్న మాట నేదు అని వినబడుతుంది.

ఇవి ఒక్కొక్కటిగా వస్తే ఇబ్బంది లేదు. ఒకే వాక్యంలో నాలుగైదు కలిసి వస్తాయి. పుస్తకంలో చూస్తున్నాడు అని నేర్చుకున్న పిల్లవాడికి సూత్తన్నాడు అన్న మాట మొదటి సగంలో పరిచయమైన అక్షరం దొరకదు. ఇలాంటి మార్పులకు సూత్రం ఉందని తెలిస్తే పది మాటలు నేర్చుకున్నవాడు నూరు మాటలు పోల్చుకోగలడు.

వ్యాకరణ రూపాలు. క్రియల్లో భూతకాల రూపాలు ముఖ్యం. ప్రమాణ భాషలో వచ్చాడు అని రాసే మాటలోని ఆకారం నిజానికి ఆ, ఏ ల మధ్య పలుకుతుంది. విశాఖ వైపు చదువుకున్నవారు దానిని వొచ్చేడు అన్నట్టు పలుకుతారు. గ్రామీణుల మాటలో వొచ్చినాడు అని వస్తుంది. తెలంగాణలో వచ్చిండు. వెళ్ళిపోయాడు అన్నదానికి ఎలిపోనాడు, అయిపోయింది అన్నదానికి అయిపోనాది అంటారు. తినేశాను, వచ్చేశాడు వంటివి తినీసినాను, వొచ్చీసినాడు అని దీర్ఘ ఈకారంతో వినబడతాయి. నేను అన్న మాటకు శ్రీకాకుళం వైపు నాను అనే రూపం ఉంది. వాక్యం చివర చేరే ఏటి (అవునేటి, కాదేటి, రాడేటి) ప్రశ్నకూ ఆశ్చర్యానికీ ఒత్తుకీ పనికొస్తుంది. కొత్తవారు ప్రతి ఏటినీ ప్రశ్నగా తీసుకొని జవాబు చెప్పబోవడం సాధారణం.

పదాలు. వినికిడిలో పెద్ద చిక్కు తెలియని మాటల వల్ల కాక తెలిసిన మాటకు వేరే అర్థం ఉన్నప్పుడు వస్తుంది. గుంట మధ్య మండలంలో గొయ్యి లేదా చిన్న చెరువు, ఇక్కడ పిల్ల, గుంటడు పిల్లవాడు. ఏటి అక్కడ ఏరు అన్న మాటకు విభక్తి రూపం, ఇక్కడ ఏమిటి. అప్ప రాయలసీమలో తండ్రి, మగవారి పేరు చివర గౌరవం, ఇక్కడ అక్క. బేగి అంటే త్వరగా, ఒగ్గీ అంటే వదిలెయ్, కూకో అంటే కూర్చో. వ్యవసాయంలో చోళ్ళు అన్నదే రాయలసీమలో రాగులు, తెలంగాణలో తైదలు. సంతలో అడ్డ, కుంచం వంటి కొలమానాలు ఇంకా వాడుకలో ఉన్నాయి.

మర్యాద రూపాలు. కొండ తెలుగులో పెద్దవారిని కూడా నువ్వు అనడం సహజం. మీరు అనే బహువచనం బడి ద్వారా, కార్యాలయాల ద్వారా అలవాటవుతుంది. మైదానం నుంచి వచ్చిన ఉద్యోగి దీనిని అమర్యాదగా తీసుకోవడం కొండవాసులకు తీరని అన్యాయం చేస్తుంది. యాసల శిక్షణలో ధ్వనుల కన్నా ముందు చెప్పవలసిన అంశం ఇదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

సాహిత్యంలో ఈ యాస. గురజాడ కన్యాశుల్కం (1897, సమగ్రంగా మార్చిన కూర్పు 1909) విజయనగరం మాటను నాటకానికి ఎక్కించింది. రాచకొండ విశ్వనాథశాస్త్రి (1922–1993) విశాఖ పరిసరాల పేదల మాటను, కాళీపట్నం రామారావు (1924–2021) శ్రీకాకుళపు పల్లె మాటను కథల్లో నిలిపారు. కళింగాంధ్ర ఉచ్చారణను అక్షరాల్లో చూసుకోదలచిన కొత్త ఉపాధ్యాయుడికి ఈ రచనల సంభాషణలు సిద్ధంగా ఉన్న పాఠం.

ఇంటి భాష ప్రభావం

అభ్యాసకుడి చెవి ఖాళీగా ఉండదు. ఇంటి భాషలోని ధ్వనులు, వ్యాకరణ విభజనలు ముందే దానిలో ఉంటాయి. కువి, కొండ భాషలు తెలుగుతో పాటు దక్షిణ మధ్య ద్రావిడ శాఖకు చెందినవి. వరుసక్రమం (కర్త, కర్మ, క్రియ), ప్రత్యయాలు మాట చివర చేరడం ఈ భాషల్లో తెలుగుతో కలుస్తాయి. మనం, మేము అనే తేడా కువిలోనూ కొండలోనూ ఉంది కనుక ఆ పిల్లలకు అది కొత్త కాదు. ఒరియాలో ఆ విభజన లేదు. ఆదివాసీ ఒరియా మాట్లాడే పిల్లవాడు దానిని మొదటి నుంచి నేర్చుకోవాలి.

లింగ విభజన మరింత చిక్కైనది. తెలుగు ఏకవచనంలో స్త్రీ, అమహత్తు ఒకటే: ఆమె వచ్చింది, కుక్క వచ్చింది. బహువచనంలో స్త్రీలు పురుషులతో చేరతారు: వాళ్ళు వచ్చారు. కువి, కొండ భాషల్లో ఏకవచనంలోనూ బహువచనంలోనూ పురుషులు ఒక వర్గం, మిగిలినవన్నీ మరో వర్గం. ముఢిలి గదబలోనూ విభజన అదే తీరు. ఒరియాలో క్రియకు లింగభేదమే లేదు. అంటే ఒకే తరగతిలో కూర్చున్న పిల్లలు, తెలుగు క్రియ చివరి అక్షరం నుంచి ఎవరి గురించి మాట్లాడుతున్నారో పోల్చుకోవడానికి, ఇంటి భాషను బట్టి వేరు వేరు దారులలో రావాలి. యాస వల్ల ఆ చివరి అక్షరం మారినప్పుడు (వచ్చింది, వొచ్చినాది) ఆ ఆసరా మరింత పలచబడుతుంది.

ధ్వనుల విషయంలో కొండ భాష విశిష్టం. ప్రాచీన తెలుగులో ఉండి పలుకుబడిలో పోయిన బండి ఱకారానికి సాటి అయిన ధ్వని, మామూలు రకారానికి భిన్నంగా, కొండ భాషలో ఇప్పటికీ ఉంది. కువిలో గొంతుకలో శ్వాసను క్షణకాలం ఆపే కంఠ్య స్పర్శం ఉంది. మరోవైపు ఈ ద్రావిడ భాషల దేశ్య పదాల్లో ఒత్తు అక్షరాలు లేవు. తెలుగువారు కూడా మామూలు మాటలో భ, ధ లను చాలావరకు ఒత్తు లేకుండానే పలుకుతారు. పుస్తకంలో భాష అని చూసి చుట్టూ బాస అని వినే పిల్లవాడికి రాతకూ మాటకూ మధ్య ఉన్న ఈ ఎడాన్ని ఉపాధ్యాయుడు విడమరచి చెప్పాలి.

పోలిక ఒక్కోసారి దారి తప్పిస్తుంది కూడా. కొండ భాషలో ఏరు అంటే నీరు, తెలుగులో ఏరు అంటే వాగు, నది. ఆదివాసీ ఒరియాలో నీటికి పాని అంటారు. కనుక నీటి గురించిన ఒక చిన్న పాఠంలో ఒకే తరగతి గదిలో నీళ్ళు, నీల్లు, ఏరు, పాని కలిసి వినబడవచ్చు.

వినికిడి ప్రక్రియ

వినేవారు ధ్వనుల తేడాలను మొదట తమకు తెలిసిన వర్గాల్లోకి సర్దుకుంటారు, తరువాత మాటను ఊహిస్తారు, సందర్భంతో సరిచూస్తారు. కొత్త యాస విన్నప్పుడు మొదటి మెట్టు దగ్గర ఆలస్యం అవుతుంది. ఈ ఆలస్యం శాశ్వతం కాదని ప్రయోగాలు చూపాయి. అమెరికాలో క్లార్క్, గారెట్ 2004లో ప్రచురించిన అధ్యయనంలో విదేశీ యాసతో పలికిన ఇంగ్లీషుకు శ్రోతలు ఒక్క నిమిషం లోపే సర్దుకోవడం మొదలుపెట్టారు. బ్రాడ్లో, బెంట్ 2008లో చూపినది బోధనకు మరింత పనికొస్తుంది. ఒకే వ్యక్తి గొంతు విని శిక్షణ పొందినవారి కన్నా అదే యాస ఉన్న పలువురి గొంతులు విన్నవారు, ఎన్నడూ వినని కొత్త వ్యక్తి మాటను బాగా గ్రహించారు. జపానీయులకు ర, ల తేడా నేర్పిన పిసోని బృందం 1990ల తొలినాళ్ళ ప్రయోగాలు కూడా ఇదే దిశలో ఫలితమిచ్చాయి.

ఒకే గురువు గొంతు మీద ఐదేళ్ళు ఆధారపడిన అభ్యాసకుడు ఆ గురువును అర్థం చేసుకుంటాడు కాని, తెలుగువారిని అర్థం చేసుకుంటాడని చెప్పలేం. ఒకే ఉపాధ్యాయుడు ఉండే కొండ బడికి ఈ మాట నేరుగా వర్తిస్తుంది.

బోధనా పద్ధతులు

మాతృభాషా ఆధారిత బహుభాషా విద్య. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో 240 బడుల్లో ఈ కార్యక్రమం మొదలైంది. గోండి, కోయ, కొలామీ, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒరియా, బంజారా అనే ఎనిమిది భాషల్లో తెలుగు లిపితోనే వాచకాలు తయారయ్యాయి. వీటిలో మూడు భాషలు (కువి, కొండ, ఆదివాసీ ఒరియా) ఈ కొండలకు చెందినవి. తొలి తరగతుల్లో ఇంటి భాషలో చదవడం, రాయడం నేర్పి క్రమంగా తెలుగుకు మళ్ళించడం దీని పద్ధతి. స్థానికులనే మాతృభాషా విద్యా వలంటీర్లుగా తాత్కాలిక ప్రాతిపదికన నియమించారు. లిపి ఒకటే కావడం వల్ల ఒక భాషలో నేర్చిన అక్షరం మరో భాషకు పనికొస్తుంది (చూ. బహుభాషా విద్య, ఆశ్రమ పాఠశాలలు).

పలు గొంతుల వినికిడి పాఠాలు. ఒకే చిన్న కథను లేదా సూచనను అరకు బగత మహిళ, విజయనగరం రైతు, గుంటూరు ఉపాధ్యాయుడు, కర్నూలు విద్యార్థి, వరంగల్ ఉద్యోగి గొంతుల్లో రికార్డు చేసి ఒకదాని వెంట ఒకటి వినిపించడం ఈ పద్ధతి. పరిశోధన ఫలితాలకు అత్యంత దగ్గరగా ఉన్న మార్గమిదే, ఖర్చు కూడా తక్కువ. ఫోను ఉన్న ప్రతి ఉపాధ్యాయుడూ చేయగలడు. వినిపించిన మాటను నెమ్మదించడం కన్నా సహజ వేగంతోనే పలుమార్లు వినిపించడం మేలు. నెమ్మదిగా పలికినప్పుడు మాట ప్రమాణ రూపానికి జారిపోతుంది, నేర్పదలచిన యాస మాయమవుతుంది.

సూత్రాల పద్ధతి. పైన చెప్పిన ధ్వని మార్పులను (ళ–ల, చ–స, స్త–త్త, పదాది వకార లోపం) జంట మాటలుగా చూపి పిల్లలతోనే మరిన్ని పోగుచేయించడం. పెద్ద పిల్లలకు, ఉద్యోగులకు ఇది బాగా పనిచేస్తుంది. చిన్నపిల్లలకు పాట, ఆట, కథే దారి.

అర్థం కానప్పుడు అడిగే మాటలు. మళ్ళీ చెప్పండి, ఏమన్నారు, ఇంకో మాటలో చెప్పండి వంటివి మొదటి వారంలోనే నేర్పాలి. వాటి స్థానిక రూపాలు (మల్లీ సెప్పు, ఏటన్నావు) ఉపాధ్యాయుడూ నేర్చుకోవాలి. అర్థం కాకపోయినా తల ఊపి ఊరుకోవడం కొండ పిల్లల్లో ఎక్కువ, అది మందబుద్ధిగా నమోదైపోతుంది. అడగడానికి భయపడనవసరం లేదన్న నమ్మకం కలిగించడం మొత్తం శిక్షణలో సగం పని.

పలకడమా, గ్రహించడమా. పిల్లవాడి సొంత ఉచ్చారణను దిద్దడం వేరు, ఇతరుల ఉచ్చారణను గ్రహించేలా చేయడం వేరు. బడుల్లో మొదటిదానికే ఎక్కువ సమయం పోతుంది. గ్రహింపుకు సమయం ఇస్తే పలుకు చాలావరకు వెనకే వస్తుంది.

వైద్యం, సంత, కార్యాలయం

ఆసుపత్రిలో యాస ప్రాణానికి సంబంధించినది. జ్వరం జొరం అని, ఒళ్ళు నొప్పి ఒల్లు నొప్పి అని వస్తుంది. కళ్ళు, కల్లు తేడా వైద్యుడు మరో ప్రశ్నతో తేల్చుకోవాలి. మలేరియా తరచుగా వచ్చే ప్రాంతంలో జ్వరం ఎన్ని రోజులుగా ఉంది, చలి వచ్చిందా అన్న రెండు ప్రశ్నలు రోగి భాషలో అడగగలగడం మందు ఎంపికను మారుస్తుంది. స్థానిక ఆశా కార్యకర్తలు ఇప్పటికే దుబాసీలుగా పనిచేస్తున్నారు. ఆ పని వారి విధుల్లో భాగంగా గుర్తింపు పొందలేదు.

సంతలో పరిస్థితి వేరు. పసుపు, వలిసెలు, పిప్పళ్ళు, రాజ్‌మా అమ్మే ఆదివాసీ, కొనే మైదానపు వ్యాపారి ఇద్దరూ అవసరం కొద్దీ ఒకరి మాట ఒకరు పట్టుకుంటారు. ధర దగ్గర అర్థం కాకపోతే నష్టం అమ్మేవాడిదే. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొనుగోళ్ళు ఈ అసమానతను తగ్గించడానికి ఉద్దేశించినవి.

విధానాలు, వివాదాలు

రాజ్యాంగంలోని 350ఏ అధికరణం (1956లో చేరినది) భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించాలని రాష్ట్రాలను కోరుతుంది. 2000 జనవరిలో వచ్చిన జీవో 3 షెడ్యూల్డు ప్రాంతాల ఉపాధ్యాయ పోస్టులన్నింటినీ స్థానిక గిరిజనులకే కేటాయించింది. పిల్లల భాష తెలిసినవారే బోధించాలన్నది దాని వాదనలలో ఒకటి. నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న దానిని కొట్టివేసింది. తీర్పును సమర్థించేవారు సమానావకాశాన్ని, వ్యతిరేకించేవారు ఉపాధ్యాయుల గైర్హాజరును, భాషా దూరాన్ని ఎత్తి చూపుతారు. భాష తెలిసి ఉండటాన్ని తెగతో ముడిపెట్టకుండా నియామక అర్హతగా పెట్టవచ్చన్న మూడో మార్గం మీద చర్చ తక్కువ.

బోధనా మాధ్యమం మరో వివాదం. 2019 నవంబరులో ప్రభుత్వ బడులన్నింటిలో ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెడుతూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వులను 2020 ఏప్రిల్‌లో హైకోర్టు రద్దు చేసింది. తల్లిదండ్రులలో ఇంగ్లీషు మీద ఆశ నిజమైనది, దానిని తక్కువ చేయనవసరం లేదు. అయితే ఇంట్లో కువి, సంతలో ఒరియా, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు ఉన్న పిల్లవాడికి ఒక్కో భాషకు ఒక్కో యాస కలిసి వస్తుంది. ఆ బరువు లెక్కలోకి రావాలి.

సినిమాల్లో ఉత్తరాంధ్ర యాసను చాలాకాలం హాస్య పాత్రలకే వాడటం వల్ల దాని మీద చిన్నచూపు ఏర్పడింది. దాని ఫలితంగా కొందరు స్థానిక ఉపాధ్యాయులు కూడా తరగతిలో తమ సహజ యాసను దాచుకుంటారు. పిల్లలకు ఉపయోగపడే ఒక మంచి వనరు అలా మూసుకుపోతుంది.

ఇతర భాషలతో పోలిక

ఈ సమస్య తెలుగుకే పరిమితం కాదు. ఇంగ్లీషు నేర్చుకొని అమెరికా వెళ్ళిన తెలుగువారు అదే అనుభవంలో ఉంటారు. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో పిన్, పెన్ అనే రెండు మాటలూ చాలామంది నోట ఒకేలా వినబడతాయి. పశ్చిమ రాష్ట్రాల్లో కాట్, కాట్ (మంచం, పట్టుకున్నాడు అనే అర్థాలున్న రెండు మాటలు) అచ్చులో తేడా పోయింది. ఇది కళ్ళు, కల్లు కలిసిపోవడం వంటిదే. విలియం లాబోవ్, షారన్ యాష్, చార్లెస్ బోబర్గ్ 2006లో ప్రచురించిన ఉత్తర అమెరికా ఇంగ్లీషు అట్లాస్ ఇలాంటి తేడాలను పటాల మీద చూపింది. హైదరాబాదులో 1958లో స్థాపించిన కేంద్రీయ ఇంగ్లీషు సంస్థ (నేటి ఇఫ్లూ) దశాబ్దాలుగా ఇంగ్లీషు ధ్వనిశాస్త్రం బోధిస్తోంది. తెలుగు యాసల వినికిడికి అంతటి స్థిరమైన శిక్షణ ఎక్కడా ఏర్పడలేదు.

ప్రస్తుత స్థితి

కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం 2019లో విజయనగరం జిల్లాకు మంజూరై పనిచేస్తోంది. కువి, కొండ, గదబ, ఆదివాసీ ఒరియా ఇళ్ళ నుంచి వచ్చిన తొలితరం పట్టభద్రులు ఇప్పుడు ఈ జిల్లాల్లోనే ఉపాధ్యాయులుగా, నర్సులుగా, గ్రామ సచివాలయ ఉద్యోగులుగా ఉన్నారు. రెండు వైపుల మాటనూ వినగలిగినవారు వీరే. కొత్తగా అరకు, పాడేరు వచ్చే ఉద్యోగులకు ప్రవేశ శిక్షణ ఇచ్చేటప్పుడు స్థానిక తెలుగుకూ ఒక కొండ భాషకూ కనీసం కొన్ని రోజులు కేటాయించి, ఆ బోధన వీరి చేతనే చేయించాలి.